తవక్కుల్ సరే, ఒంటెను కట్టామా?



2025 నవంబర్ నెలను మా తాండూరు అంత తొందరగా మరిచిపోదు. 3వ తేదీ సోమవారం పొద్దున తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ళ దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ గుద్దింది. కంకర బస్సులో కూర్చున్నవాళ్ళ మీద కుప్పగా పడింది. 19 మంది పోయారు. ఒకే ఇంటి ముగ్గురు అక్కచెల్లెళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఊళ్ళో హిందూ ఇల్లు, ముసల్మాన్ ఇల్లు అని లేదు, ఆ వారమంతా ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

సరిగ్గా రెండు వారాలకు, 17వ తేదీ, మళ్ళీ సోమవారమే. మక్కా నుంచి మదీనా పోతున్న ఉమ్రా యాత్రికుల బస్సు మదీనా దగ్గర డీజిల్ ట్యాంకర్‌ను ఢీకొని కాలిపోయింది. 45 మంది షహీద్ అయ్యారు. ఎక్కువమంది మన హైదరాబాద్ వాళ్ళే. ఒకే ఖాందాన్‌కు చెందిన 18 మంది ఉన్నారు. ఆ బస్సు నుంచి ఒక్కరే బతికారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఆ పొద్దున ఫజర్ అయిన కాసేపటికి మా గల్లీ కుర్రాడు పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ అమ్మీ అబ్బా అప్పటికి పది రోజులుగా ఉమ్రాలో ఉన్నారు. ఇద్దరి ఫోన్లూ కలవడం లేదు. నేను అఖ్బార్ మనిషిని కాబట్టి నాకేదైనా తెలుస్తుందని ఆశ.

"ఏ గ్రూపుతో పోయిండ్రు?" అని అడిగాను.

"హైదరాబాద్ గ్రూపు, భాయ్‌జాన్. ఎవరో హాజీ సాబ్ తీస్కపోయిండు."

"హోటల్ పేరు?"

"హరమ్‌కు దగ్గర్నే అన్నరు."

"ఇయ్యాల మక్కాలో ఉన్నరా, మదీనాలో ఉన్నరా?"

వాడు ఏడ్చేశాడు. పాస్‌పోర్ట్ నకలు ఇంట్లో లేదు. వీసా కాగితం లేదు. ఏజెంట్ ఇచ్చిన రసీదు మీద ఒక పేరు, ఒక మొబైల్ నంబర్ ఉన్నాయి. ఆ నంబర్ ఆ పొద్దున ఎంతసేపు చేసినా ఎత్తలేదు. జిద్దాలోని మన కాన్సులేట్ కంట్రోల్ రూమ్ తెరిచింది. లైన్ దొరికితే వాళ్ళు అడిగేది ఒక్కటే, పాస్‌పోర్ట్ నంబర్ ఎంత అని. మా దగ్గర లేనిది అదే.

జుహర్ దాటాక ఆ ఇంటికి ఫోన్ వచ్చింది. వాళ్ళది వేరే గ్రూపు, వేరే బస్సు. మక్కాలో హాయిగా ఉన్నారు. ఫోన్లు ఛార్జింగ్ లేక బంద్ అయ్యాయట, అంతే. అల్హమ్దులిల్లాహ్. కానీ ఫజర్ నుంచి జుహర్ దాకా ఆ ఇల్లు పడ్డ ఖయామత్ నేను కళ్ళారా చూశాను. ఆ పొద్దున ఆ ఇంట్లో ఒక్క నకలు కాగితం ఉంటే పది నిమిషాల్లో తేలిపోయే సంగతి అది.

ముందే ఒక మాట సాఫ్‌గా చెప్పాలి. మదీనా దారిలో పోయినవాళ్ళది ఏ గలతీ లేదు, చేవెళ్ళ దారిలో పోయినవాళ్ళదీ లేదు. టికెట్ కొనుక్కుని సీట్లో కూర్చున్న ముసాఫిర్ ఏం చేయగలడు? వాళ్ళ మీద వేలెత్తడానికి ఈ వ్యాసం రాయడం లేదు. బతికున్న మన మీద, మన ఇళ్ళల్లోని బేఫికర్ మీద రాస్తున్నాను. పెళ్ళికి ఆరు నెలల ముందు నుంచి తయారీ చేస్తాం. బక్రీద్ మేకను పళ్ళు చూసి, కాళ్ళు చూసి, మూడు సంతలు తిరిగి కొంటాం. పరాయి ముల్కుకు ఇంటి మనిషిని పంపేటప్పుడు మాత్రం "అల్లాహ్ మాలిక్ హై" అనేసి కాగజాత్ అన్నీ ఎవడో ఏజెంట్ చేతిలో పెట్టేస్తాం. దానికి తవక్కుల్ అని పేరు కూడా పెట్టుకుంటాం.

ఒంటెను కట్టెయ్యాలా, వదిలేసి అల్లాహ్ మీద భరోసా పెట్టాలా అని అడిగిన మనిషికి మన రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) ముందు కట్టెయ్, తర్వాత భరోసా పెట్టు అని చెప్పిన సంగతి మనలో మక్తబ్ పిల్లలకు కూడా తెలుసు. బయానుల్లో వంద సార్లు విన్నాం. మరి మన సఫర్‌లో ఒంటె ఏది, తాడు ఏది? నా లెక్కలో నాలుగు ముళ్ళు వేయాలి: కాగితం, ఒళ్ళు, సంచి, సడక్.

కాగితం

దీని గురించి నాకు చిన్నప్పటి నుంచీ ఒక గాయం ఉంది. మీకు చెప్పాల్సిందే.

నేను ఉర్దూ మీడియంలో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు మా చిన్న మామూకు సౌదీ వీసా వచ్చింది. ఆయన తాండూరులో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో పని చేసేవాడు. డ్రైవర్ వీసా అని ఏజెంట్ చెప్పాడు. నానీ అమ్మ తన చేతి గాజులు అమ్మి పైసలు కట్టింది. పాస్‌పోర్ట్ మీద వీసా ముద్ర పడి వచ్చిన రోజు ఇంటినిండా జనం. అరబీ అక్షరాలు కనబడగానే నానీ అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని ముద్దు పెట్టుకుంది. "మున్నా, పఢ్‌కే సునా" అని నా చేతికిచ్చారు. ఉర్దూ వచ్చినవాడికి అరబీ అక్షరాలు కూడబలుక్కోవడం కష్టం కాదు కదా. నేను గట్టిగా చదివాను. "రాఈ గనమ్" అని ఉంది. అందరూ మాషాఅల్లాహ్ అన్నారు. నాకు ఒక రూపాయి కూడా దొరికింది.

రాఈ గనమ్ అంటే గొర్రెల కాపరి.

ఆ ముక్కకు మానీ ఏమిటని ఆ రోజు ఎవరూ అడగలేదు. మసీదులో ఆలిమ్ సాబ్‌ను అడిగితే అర నిమిషంలో చెప్పేవాడు. మసీదు మా ఇంటికి నాలుగు అడుగుల దూరం. మామూ స్టీరింగ్ పట్టుకుంటానని పోయాడు, మూడేళ్ళు రెగిస్తాన్‌లో గొర్రెల వెనక తిరిగాడు. మొదటి ఏడాది జీతమే రాలేదు. తిరిగి వచ్చాక చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ముప్పై ఏళ్ళు గడిచాయి. మన హాలత్ ఎంత మారింది? వీసా అరబీలో ఉంటుంది, ఏజెంట్ రసీదు ఇంగ్లీషులో ఉంటుంది, మనం ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగు చదువుతాం. ఈ నాలుగు జబాన్ల మధ్య ఉన్న సందులోంచే దగా చేసేవాడు దూరుతున్నాడు. ఇప్పుడైతే ఫోన్ కెమెరా పెడితే అరబీ తర్జుమా అయిపోతుంది. ఆ పని కూడా చేయకుండా సంతకం పెడుతున్నాం.

గల్ఫ్‌కు కొలువుకు పోయేవాళ్ళు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్న ఏజెంట్ మాత్రమే విదేశీ కొలువులకు మనుషుల్ని పంపాలి. ఎవరికి లైసెన్స్ ఉందో ఈమైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఏజెంట్ తీసుకోవాల్సిన ఫీజు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగేవాడు కానూన్ దాటుతున్నట్టే. మన దగ్గర లక్ష, లక్షన్నర ఇచ్చి కూడా ఏజెంట్‌కు షుక్రియా చెప్పి వస్తున్నారు. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. గల్ఫ్ ముల్కులతో కలిపి 18 దేశాలకు కొలువు కోసం వాళ్ళు పోవాలంటే సర్కార్ క్లియరెన్స్ కావాలి. ఆ క్లియరెన్స్‌తో పాటే ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. రెండేళ్ళకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో మరణానికి 10 లక్షల బీమా.

ఈ క్లియరెన్స్ తలనొప్పి లేకుండా విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడ మార్పించుకోవచ్చు అని ఏజెంట్ అంటాడు. వినడానికి తీపిగా ఉంటుంది. విజిట్ వీసా మీద పని చేస్తే కఫీల్ లేడు, కాంట్రాక్ట్ లేదు, బీమా లేదు. జీతం ఎగ్గొడితే ఫిర్యాద్ చేసే చోటు కూడా దొరకదు, చేయబోతే మొదట పట్టుకునేది నిన్నే. దుబాయిలో గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హమ్‌ల జుర్మానా. ఎక్కువగా మోసపోతున్నది మన ఆడవాళ్ళు. ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఉన్న స్త్రీలు ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్ళు నిండి ఉండాలి, సర్కార్ సంస్థల ద్వారానే పోవాలి. మన రాష్ట్రంలో టామ్‌కామ్ అలాంటి సర్కార్ సంస్థే. ఈ కాయిదా తప్పించుకోవడానికే వాళ్ళను విజిట్ వీసా మీద ఎక్కిస్తారు. ఆ బెహెన్ అక్కడ ఏ ఇంట్లో ఉందో సర్కార్ దఫ్తర్‌లో ఎక్కడా రాసి ఉండదు.

పేర్ల సంగతి ఇంకొకటి. మన ఇళ్ళల్లో పెద్దామె పేరు రేషన్ కార్డులో మహబూబ్ బీ, ఆధార్‌లో మెహబూబా బేగం, ఓటరు లిస్టులో మైబమ్మ. పుట్టిన తేదీ అందరికీ జనవరి 1. ఊళ్ళో ఉన్నంతకాలం నవ్వుకునే సంగతే, ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర నవ్వు రాదు. 2022 నవంబర్ నుంచి యూఏఈ ఒకే పదం పేరున్న పాస్‌పోర్ట్‌కు విజిట్ వీసా మీద ప్రవేశం ఇవ్వడం లేదు. తండ్రి పేరో ఖాందాన్ పేరో పాస్‌పోర్ట్ రెండో పేజీలో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత అన్నారు. ఉత్త "షాహీన్", ఉత్త "రజియా" అని పాస్‌పోర్ట్ తీసుకున్న ఆడపిల్లలు మన దగ్గర చాలామంది. కొత్త పాస్‌పోర్ట్ తీసుకునే రోజే ఇంటిపేరు గడి ఖాళీ వదలకండి. గడువు ఇంకా ఆరు నెలలైనా ఉండాలన్న నియమం చాలా ముల్కులకు వర్తిస్తుంది. టికెట్ కొన్నాక గడువు చూసుకుంటే ఏం లాభం?

హజ్‌కు పర్మిట్ లేకుండా పోవడం గురించి కూడా సాఫ్‌గా మాట్లాడుకోవాలి. టూరిస్ట్ వీసా మీద ఉమ్రా చేయొచ్చు, హజ్ చేయకూడదు. 2025లో పర్మిట్ లేకుండా హజ్ చేయబోయేవాళ్ళకు సౌదీ 20,000 రియాళ్ళ వరకు జుర్మానా పెట్టింది. విజిట్ వీసా మీద జిల్‌ఖాదా 1 నుంచి జిల్‌హజ్ 14 వరకు మక్కాలో అడుగు పెట్టినా అదే జుర్మానా. 2024 హజ్‌లో మస్జిదుల్ హరమ్ దగ్గర ఎండ 51.8 డిగ్రీలకు చేరింది. 1,301 మంది చనిపోయారని, వాళ్ళలో 83 శాతం పర్మిట్ లేనివాళ్ళని సౌదీ సర్కార్ చెప్పింది. పర్మిట్ లేనివాడికి ఏసీ గుడారం లేదు, బస్సు లేదు. ఎండలో కిలోమీటర్ల కొద్దీ నడక. మన దేశం నుంచి ఆ ఏడాది 98 మంది హజ్‌లో వఫాత్ అయ్యారు. ఆ పవిత్ర భూమిలో మౌత్ ఖుష్‌నసీబీ అని మనం అనుకుంటాం, నేనూ నమ్ముతాను. కానీ అబ్బాను సస్తా ప్యాకేజీ అని చోర్ దర్వాజా నుంచి పంపి, ఆ మౌత్‌ను ఖుష్‌నసీబీ కింద రాసుకోవడం ఇన్సాఫ్ కాదు.

ఒళ్ళు

వికారాబాద్ వాళ్ళకు అనంతగిరి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇప్పుడు హైదరాబాద్ జనం ఆదివారం గుట్టల మీద ఫోటోలు దిగడానికి వస్తారు. మన పెద్దలకు మాత్రం అనంతగిరి అంటే నిజాం జమానా నుంచి ఉన్న టీబీ దవాఖానా. ఆ గుట్ట గాలి పీల్చి ఎందరో బాగుపడి ఇళ్ళకు పోయారు. మా మొహల్లాలోనే ఒకాయన ఉన్నాడు. రాళ్ళ దుమ్ములో పని చేసి పడకేశాడు, అనంతగిరిలో ఇలాజ్ చేయించుకుని పూర్తిగా మానిపోయాడు. తర్వాత కొడుకుల చదువు కోసం గల్ఫ్ పోదామనుకున్నాడు. గామ్కా మెడికల్‌లో ఎక్స్-రే తీశారు. ఊపిరితిత్తి మీద పాత మచ్చ. అన్‌ఫిట్.

గల్ఫ్ ముల్కుల మెడికల్ నియమాలు టీబీ విషయంలో చాలా సఖ్త్‌గా ఉంటాయి. గామ్కాను ఇప్పుడు వాఫిద్ అంటున్నారు, పేరు మారినా ఎక్స్-రే అదే. మానిపోయిన జబ్బు మచ్చ కనబడినా ఆపేస్తారు. ఇది న్యాయమా అంటే నా దృష్టిలో కాదు. మందులు పూర్తిగా వాడి మానిపోయిన మనిషి నుంచి ఎవరికీ ఏమీ అంటదు. రాళ్ళ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న మా తాండూరు మనుషుల ఛాతీలో కొంత దుమ్ము ఉండకుండా ఎలా ఉంటుంది? దీని మీద మన సర్కార్ ఆ ముల్కులతో మాట్లాడాలి. నియమం మారేదాకా మాత్రం మనం చేయగలిగింది ఒకటి ఉంది. పైసలు కట్టకముందే, గాజులు అమ్మకముందే, ఇక్కడ ఒక ఎక్స్-రే తీయించుకుని చూసుకోవడం.

మా మొహల్లా ఆయన అలా చేయలేదు. "మెడికల్ మేనేజ్ చేస్తా" అన్న ఏజెంట్ మాట విన్నాడు. వేరే ఎవరిదో ఎక్స్-రే పెట్టి ఫిట్ సర్టిఫికెట్ తెచ్చారు. అక్కడ దిగాక ఇఖామా కోసం మళ్ళీ మెడికల్ చేస్తారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. రెండో నెలలో తిరుగు విమానం ఎక్కించారు. కర్జ్ మాత్రం ఇక్కడే కూర్చుని ఉంది. ఆ కర్జ్ తీరడానికి ఎన్నేళ్ళు పట్టిందో నాకు తెలుసు, ఎందుకంటే పెద్ద కొడుకు చదువు మానేసి మళ్ళీ అదే రాళ్ళ యూనిట్‌లో చేరాడు.

బీమారీ దాచడం మనకు ఒక అలవాటు. పెళ్ళి సంబంధాల్లో దాస్తాం, వీసా ఫారంలో దాస్తాం, హజ్ ఫారంలోనూ దాస్తాం. హజ్ ఫర్జ్ అయ్యేది ఇస్తితాఅత్ ఉన్నవాళ్ళకే. ఇస్తితాఅత్ అంటే పైసలొక్కటే కాదు, ఒంట్లో తాఖత్ కూడా. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళు, గుండె బాగా బలహీనపడ్డవాళ్ళు, కీమో నడుస్తున్నవాళ్ళు హజ్‌కు రావద్దని సౌదీ ఆరోగ్య శాఖ చెబుతోంది. చాలామందికి కోపం వస్తుంది, మా అమ్మీని ఆపడానికి వీళ్ళెవరు అని. ఆపమని చెప్పినవాడు దుష్మన్ కాదు. తాఖత్ లేనివాళ్ళ తరఫున హజ్-ఎ-బదల్‌కు మన షరీఅత్‌లో ఎప్పటి నుంచో దారి ఉంది.

ఇక టీకాల మీద వాట్సాప్‌లో తిరిగే మాటలు. దోస్తులారా, ఈ టీకాలు ఎవరి సాజిష్ కాదు. 1865లో హజ్ సమయంలో కలరా వచ్చి వేలమంది హాజీలు పోయారు. అక్కడి నుంచి అది ఈజిప్టు మీదుగా యూరప్ దాకా పాకింది. మరుసటి ఏడే ఇస్తాంబుల్‌లో దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మన హిందుస్తాన్ నుంచి ఓడల్లో పోయే హాజీలను ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో దించి క్వారంటైన్‌లో పెట్టేవారు. బొంబాయిలో ఓడ ఎక్కిన మన పెద్దలు ఆ దీవిలో రోజుల తరబడి కూర్చుని ఇంతెజార్ చేశారు. 2000 హజ్‌లో మెనింజైటిస్ వ్యాపించింది. హాజీలు ఇళ్ళకు వచ్చి తమ పిల్లలకు, మనవళ్ళకు అంటించారు. వేర్వేరు దేశాల్లో 400 మందికి పైగా పడకేశారు. ఆ తర్వాతే నాలుగు రకాల మెనింజైటిస్‌ను ఆపే టీకాను తప్పనిసరి చేశారు. జమ్‌జమ్ తెచ్చిన చేతుల్తోనే ఇంట్లో పసిబిడ్డకు రోగం తేకూడదని ఆ టీకా. చేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. విమానం ఎక్కే ముందురోజు సర్టిఫికెట్ కొనుక్కుంటే ముద్ర ఉంటుంది, రక్షణ ఉండదు.

హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) షామ్ ముల్కుకు బయలుదేరి, అక్కడ తావూన్ వచ్చిందని సర్గ్ దగ్గర విని, కాఫ్లాను వెనక్కి తిప్పారు. అల్లాహ్ తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా అడిగితే, ఒక తఖ్దీర్ నుంచి అల్లాహ్ రాసిన ఇంకో తఖ్దీర్ వైపే పోతున్నానని జవాబిచ్చారు. ఎహతియాత్‌కు ఇంతకన్నా పెద్ద దలీల్ ఏం కావాలి?

ఎండలో పని చేసే మన పిల్లలకు ఒక మాట. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని కానూన్ ఉంది. యూఏఈలో పన్నెండున్నర నుంచి మూడు, కతర్‌లో పది నుంచి మూడున్నర. అది నీ హక్కు. నీళ్ళు తాగడానికి ఫోర్‌మన్ ఇజాజత్ కోసం ఆగకు. నీళ్ళు తక్కువ తాగి ఎండలో ఏళ్ళ తరబడి చేసిన పని కిడ్నీల మీద పడుతుంది.

సంచి

మన మొహల్లాలో ఎవరైనా గల్ఫ్ పోతున్నారంటే ముందురోజు రాత్రి ఇంటికి జనం వస్తారు. గలే మిలతారు, దువా చేస్తారు, చేతిలో ఒక పొట్లం పెడతారు. "మా వాడికి ఇవ్వు బేటా, ఖాలీ తొక్కు, కందిపప్పు." తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, దాన్ని కొడుక్కి పంపాలని ఏ అమ్మీకి ఉండదు? కందిపప్పుతో పేచీ లేదు. దాని పక్కన ఖుర్మా మసాలా కోసం కట్టిన గసగసాలతో ఉంది పేచీ. ఖస్‌ఖస్ మన వంటింట్లో మసాలా దినుసు. సౌదీలో, యూఏఈలో అది నల్లమందు మొక్క గింజ, నిషేధం. బిర్యానీ కోసం తెచ్చానని చెబితే కస్టమ్స్ వాడు వినడు.

గోళీల సంగతీ అంతే. మోకాళ్ళ నొప్పికి ఇక్కడ రాసే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందు, నరాలకు రాసే ప్రీగాబలిన్, నిద్ర గోళీలు... ఇవి అక్కడ సఖ్త్ నిఘాలో ఉన్న మందులు. నిజంగా అవసరమైతే డాక్టర్ చీటీ ఉండాలి, ఆ ముల్కు ఆరోగ్య శాఖ ఇజాజత్ ముందే తీసుకోవాలి. బీపీ, షుగర్ గోళీలను అసలు పట్టీల్లోనే, చీటీతో సహా, చేతి సంచిలో పెట్టుకోవాలి. మా అమ్మీతో ఉమ్రాకు పోయినప్పుడు నేను ఈ గలతీ చేశాను. గోళీలన్నీ పెద్ద పెట్టెలో పెట్టాను, పెట్టె మా వెంట రాలేదు, రెండో రోజు వచ్చింది. ఆ రెండు రోజులు అమ్మీ తవాఫ్‌లో నా భుజం పట్టుకుని ఎలా నడిచిందో గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నలుగురికి హిదాయత్‌లు రాసే మనిషిని నేను!

ఇతరుల పొట్లాల గురించి ఒక్క సంఘటన చాలు. 2019లో ముంబైకి చెందిన ఒక ముస్లిం జంట కతర్ పోయింది. దగ్గరి బంధువు ఇచ్చిన పొట్లం తీసుకుపోయారు. అందులో చరస్ దొరికింది. ఇద్దరికీ పదేళ్ళ జైలు పడింది. అప్పటికే ఆమె కడుపుతో ఉంది, అక్కడి జైల్లోనే కాన్పయింది. వాళ్ళకేమీ తెలియదని సాబిత్ అయి ఇంటికి వచ్చేసరికి 2021. పొట్లం ఇచ్చింది సొంత ఖాందాన్ మనిషే. కాబట్టి అమానత్ తీసుకుంటే విప్పి చూసి తీసుకోండి. విప్పొద్దు అన్నవాళ్ళది తీసుకోకండి. ఖాలా నారాజ్ అయితే ఈద్‌కు మనాయించుకోవచ్చు.

సడక్

రాత్రి పూట దూరం బస్సు ప్రయాణాలు మక్కా మదీనా మధ్య మామూలే. మనం బస్సు నడపలేం, ట్యాంకర్‌ను ఆపలేం. చేయగలిగింది కొంత ఉంది. సీట్ బెల్ట్ ఉంటే పెట్టుకోవడం. ఎమర్జెన్సీ దర్వాజా ఎటుందో ఎక్కగానే చూసుకోవడం. వీలైతే పగటి ప్రయాణం పెట్టమని గ్రూప్ లీడర్‌ను ముందే అడగడం. వంద మంది అడిగితే ఏజెంట్ ప్యాకేజీ మారుస్తాడు. హోటల్ ఎంత దూరం, బిర్యానీ ఎన్ని పూటలు అని అడిగే మనం బస్సు ఏ టైమ్‌కు, డ్రైవర్లు ఎందరు అని ఎప్పుడూ అడగం.

ఇవన్నీ చదువుకున్నోళ్ళ ముచ్చట్లు, గరీబోళ్ళకు ఏజెంటే దిక్కు అని కొందరంటారు. అది ఒప్పుకుంటాను. సర్కార్ ఈ కాయిదాలన్నీ ఇంగ్లీషులో పోర్టల్‌లో పెట్టి చేతులు దులుపుకుంటుంది. ఉర్దూ మన రాష్ట్రంలో రెండో అధికార భాష, వికారాబాద్ జిల్లా ఏర్పడి 2016 నుంచి ఇన్నేళ్ళయింది, ఈ సంగతులు తెలుగులో ఉర్దూలో రాసిన ఒక్క కాగితం ఏ దఫ్తర్ గోడ మీదా నా కంటపడలేదు. అది అడగాల్సిందే. కానీ సర్కార్ రాసేదాకా మన పిల్లలు ఆగరు కదా, విమానం వచ్చే జుమాకే ఉంటుంది.

అందుకే నా గుజారిష్ ఇది. ప్రతి మసీదు కమిటీ నెలకు ఒక్క ఇతవార్, అసర్ తర్వాత ఒక గంట పెట్టాలి. ప్రయాణం ఉన్నవాళ్ళు కాగజాత్ తెస్తారు. అరబీ వచ్చిన ఆలిమ్ సాబ్, ఇంగ్లీషు వచ్చిన ఒక పిల్ల లేదా పిల్లవాడు, మొహల్లాలో ఉంటే ఒక నర్స్ బెహెన్ కూర్చుంటారు. ప్రతి కాగితం గట్టిగా చదివి మానీ చెబుతారు. ఆడవాళ్ళకు పరదా ఇంతెజామ్‌తో చోటు ఉండాలి, ఎందుకంటే ఎక్కువ మోసం వాళ్ళకే జరుగుతోంది. ఖర్చు చాయ్ ఒక్కటే. ప్రతి ఇంట్లో ఒక ఫైల్ ఉండాలి. అందులో పాస్‌పోర్ట్, వీసా, టికెట్ నకళ్ళు, ఏజెంట్ లైసెన్స్ నంబర్, హోటల్ లేదా కఫీల్ పూర్తి పతా, వాడే మందుల పేర్లు, బ్లడ్ గ్రూప్, తోడుగా పోయే ఇద్దరి ఫోన్ నంబర్లు ఉండాలి. ఎవరికైనా కర్జ్ ఇచ్చేది ఉంటే ఆ వసీయత్ కూడా అందులోనే. సఫర్‌కు ముందు హిసాబ్ రాసి పెట్టడం మన దీన్ నేర్పిన పనే, అపశకునం కాదు.

మా గల్లీ కుర్రాడు ఆ ఫైల్ ఇప్పుడు తయారు చేశాడు. వాళ్ళ అమ్మీ అబ్బా ఖైరియత్‌గా తిరిగి వచ్చి ఖజూర్ పంచారు.

చిన్న మామూకు ఇప్పుడు డెబ్భై దగ్గర పడుతోంది. పోయిన రంజాన్‌లో ఇఫ్తార్‌కు కూర్చున్నప్పుడు, ధైర్యం చేసి ఆ వీసా చదివిన రోజు సంగతి ఎత్తాను. నా తరఫున మాఫీ అడగాలని ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఆయన నవ్వాడు.

"తూ తో బరాబర్ పఢా థా బేటా. హమ్‌కో సమఝ్ మే నై ఆయా."

ఆయన మాట నిజమే, నేను సరిగ్గానే చదివాను. మానీ అడిగే మనిషి ఒక్కడు ఆ రోజు ఇంట్లో ఉండి ఉంటే చాలేది. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా కాగితం కళ్ళకద్దుకుంటే, ఆ ఒక్క మనిషి మీరే అవ్వండి.

ఖుదా హాఫిజ్.